రక్తంలో అంకె పెరిగితే గడ్డ పెరిగినట్టేనా?

మా బాబాయికి న్యూరోఎండోక్రైన్ కణితి అనే ఒక రకం క్యాన్సర్ ఉంది. రిపోర్టుల ఫైలు నా దగ్గరే ఉంటుంది. డాక్టరు చెప్పింది విని ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా చెప్పే పని నాకు అప్పజెప్పారు. ఆ ఫైల్లో ఒక కాయితం మా అందరికీ మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. క్రోమోగ్రానిన్ ఏ అనే రక్తపరీక్ష. ఆర్నెల్ల కిందట 140 ఉన్నది 610కి వచ్చింది. అంకె పక్కన పైకి చూపిస్తూ నల్ల బాణం. పిన్ని ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది: "నాలుగింతలు పెరిగింది కదరా, గడ్డ కూడా నాలుగింతలైనట్టేనా?"

కాలేదు. ఆ వారమే తీసిన స్కాన్‌లో బాబాయి కాలేయంలో ఉన్న మచ్చలు ఎక్కడివి అక్కడే, అంతకు ముందు ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. ఆ ఆర్నెల్లలో మారింది ఒక్కటే. గ్యాస్‌ట్రబుల్ అని బాబాయి రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఒక మామూలు గ్యాస్ మాత్ర క్యాన్సర్ అంకెను నాలుగింతలు ఎలా చేసిందో అర్థం కావాలంటే, అసలు ఆ అంకె దేన్ని కొలుస్తోందో తెలియాలి. న్యూరోఎండోక్రైన్ కణితులున్న ఇళ్లలో ఇంత గాబరా పెట్టేది ఇంకోటి లేదు. ఇంత తప్పుగా చదివేదీ ఇంకోటి లేదు.

న్యూరో అనగానే మెదడు జబ్బు అనుకుంటారు. నటుడు ఇర్ఫాన్ ఖాన్ 2018 మార్చిలో తన జబ్బు పేరు బయటపెట్టినప్పుడు, న్యూరో అంటే ప్రతిసారీ మెదడు కాదని ఆయనే చెప్పాల్సి వచ్చింది. ఈ కణాలు ఒళ్లంతా చెదురుమదురుగా ఉంటాయి. పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో, థైరాయిడ్‌లో, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్లో ఉంటాయి. నరాల నుంచో చుట్టుపక్కల నుంచో కబురు అందుకోవడం, దానికి తగ్గ హార్మోను రక్తంలోకి వదలడం వీటి పని. సగం నరం, సగం గ్రంథి. ఇవి అదుపు తప్పి పెరిగితే అదే న్యూరోఎండోక్రైన్ కణితి. 1907లో మ్యూనిక్‌లో సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డార్ఫర్ అనే వైద్యుడు పేగుల్లో ఇలాంటి చిన్న గడ్డలు చూసి, క్యాన్సర్ లాంటివే కానీ అంత ప్రమాదకరం కావనుకుని 'కార్సినాయిడ్' అని పేరు పెట్టాడు. ఇవి పాకగలవని, ప్రాణం తీయగలవని 1929లో ఆయనే దిద్దుకున్నాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇవి అరుదైనవే అయినా అనుకున్నంత అరుదు కాదు. అమెరికా లెక్కల్లో 1973లో లక్ష మందిలో ఏడాదికి ఒకరికి కొత్తగా బయటపడేది. 2012 నాటికి అది దాదాపు ఏడుగురికి చేరింది. స్కాన్లు, ఎండోస్కోపీలు పెరగడం దీనికి పెద్ద కారణం. చాలావరకు ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. మనిషి వీటితో ఏళ్ల తరబడి బతుకుతాడు. అందుకే ఫైలు లావెక్కుతుంది, అంకెల మీద అంకెలు పోగవుతాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ కణాలు తాము తయారుచేసిన హార్మోన్లని చిన్న చిన్న సంచుల్లో నింపి పెట్టుకుంటాయి. కబురు రాగానే సంచి మూతి విప్పి రక్తంలోకి వదులుతాయి. సంచిలో సరుకుతోపాటు సరుకును కుదురుగా పట్టి ఉంచే ఒక ప్రొటీను కూడా ఉంటుంది. అదే క్రోమోగ్రానిన్ ఏ. ఏ కణం ఏ హార్మోను చేసినా ఈ ప్రొటీను దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. కాబట్టి ఇది సరుకు లెక్క కాదు, గోతాల లెక్క.

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఒక రోజు ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి గోతాలు, బయటికెళ్లాయో లెక్కపెట్టి, ఆ యార్డు ఎన్ని ఎకరాలో చెప్పగలమా? యార్డు పెద్దదైతే మామూలుగా టిక్కీలు ఎక్కువే వెళ్తాయి. కాలేయం నిండా పాకిన జబ్బులో క్రోమోగ్రానిన్ వేలల్లో ఉండడం అందుకే. కానీ గేటు మూస్తే యార్డు అంతే ఉంటుంది, టిక్కీలు ఆగిపోతాయి. వేరే ఊరి లారీలు అదే రోడ్డెక్కితే యార్డు అంతే ఉంటుంది, లెక్క పెరిగిపోతుంది. బాబాయి విషయంలో జరిగింది ఈ రెండోది.

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి మాత్రలు కడుపులో ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గిందని కడుపు గుర్తుపట్టి, దాన్ని పెంచడానికి గ్యాస్ట్రిన్ అనే హార్మోను ఎక్కువగా వదులుతుంది. ఆ గ్యాస్ట్రిన్ వెళ్లి జీర్ణాశయం గోడలో ఉన్న మరో రకం కణాలని తట్టిలేపుతుంది. ఆ కణాలు కూడా న్యూరోఎండోక్రైన్ కణాలే. ఆరోగ్యంగా ఉన్నవే, కానీ వాటి సంచుల్లోనూ ఇదే ప్రొటీను. అవి కూడా గోతాలు విప్పడం మొదలుపెడతాయి. మెషీనుకి ఏ గోతం ఎక్కడిదో తెలియదు, అన్నీ కలిపి లెక్కేస్తుంది. గడ్డ లేని మనిషిలో కూడా ఈ మాత్రలు ఈ అంకెను కొన్ని రెట్లు పెంచగలవు.

అందుకే పరీక్షకు ముందు ఈ మాత్రలు కనీసం రెండు వారాలు ఆపమంటారు, ఆ మధ్యకాలంలో ఫామోటిడిన్ లాంటిది ఇస్తారు. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. ఈ ఆపడం డాక్టరు చెప్పాకే, సొంతంగా కాదు. గ్యాస్ట్రినోమా అనే ఒక రకం కణితి ఉంది. అది గ్యాస్ట్రిన్ కుమ్మరించి కడుపులో ఆమ్లాన్ని విపరీతంగా పెంచుతుంది. ఆ మనిషి ఈ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే కొన్ని రోజుల్లోనే పుండ్లు పడి రక్తం కారొచ్చు, పేగుకి చిల్లు పడొచ్చు. పరీక్ష తప్పు వస్తే మళ్లీ చేయించుకోవచ్చు.

వేరే లారీలు ఇంకా ఉన్నాయి. జీర్ణాశయం పొర ఎండిపోయినట్టయ్యే దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్‌లో కూడా గ్యాస్ట్రిన్ పెరిగి ఇదే కథ నడుస్తుంది. మూత్రపిండాలు పాడైతే రోడ్డు మీద గోతాలు ఎత్తేసేవాళ్లు లేక పేరుకుపోతాయి. గుండె బలహీనత, అధిక రక్తపోటు, కీళ్లవాతం, స్టెరాయిడ్ మాత్రలు కూడా అంకెను పెంచుతాయి. కడుపు నిండా తిని వెళ్లినా కొంత పెరుగుతుంది. మన ఇళ్లలో అరవై దాటినవాళ్లలో బీపీ, షుగరు, దానితో దెబ్బతిన్న కిడ్నీ, పైన గ్యాస్ మాత్ర ఒకే మనిషిలో ఉండడం ఎంత మామూలో మనకి తెలుసు. జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి దీన్ని తొలి పరీక్షగా వాడకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ల్యాబ్ మారిస్తే ఇంకో తలనొప్పి. క్రోమోగ్రానిన్ ఏ 439 అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. శరీరం దాన్ని రకరకాల చోట్ల తెంపుతుంది. రక్తంలో తిరిగేది ఎక్కువగా ముక్కలే. ఒక కంపెనీ కిట్టు ఒక ముక్కని పట్టుకుంటుంది, ఇంకో కంపెనీ కిట్టు మరో ముక్కని. అందరూ ఒప్పుకున్న ప్రామాణిక కొలత ఇప్పటికీ లేదు. ఒకే రోజు ఒకే చేతి నుంచి తీసిన రక్తం రెండు ల్యాబులకి పంపితే, ఒకరి రిపోర్టులో నార్మల్ అని, ఇంకొకరి రిపోర్టులో బాణం గుర్తుతో రావచ్చు. ఇద్దరూ తప్పు చేయకుండానే. అందుకే ఊరు మారినా, డిస్కౌంటు దొరికినా ల్యాబు మార్చొద్దంటారు. మార్చక తప్పకపోతే ఒకసారి రెండు చోట్లా చేయించి, కొత్త ల్యాబు అంకెను కొత్త లెక్కకి మొదటి అంకెగా పెట్టుకోవాలి. పాత గీతకి దాన్ని అతికించకూడదు.

ఇక గేటు మూసే సంగతి. ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ అని నాలుగు వారాలకోసారి పిరుదుకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇవి కణాల మీది తాళాల్లాంటి గ్రాహకాలను పట్టుకుని, సంచులు విప్పడాన్ని ఆపుతాయి. మొదటి ఇంజెక్షన్ తరవాత అంకె సగానికి పడిపోతే ఇంట్లో పండగ చేసుకుంటాం. నేనూ చేసుకున్నాను. కానీ గడ్డ సగమైనట్టు కాదది, గేటు మూసుకున్నట్టు. అలాగని ఆ మందు అంకెను మాత్రమే మారుస్తుందనుకోవద్దు. 2009లో వచ్చిన 'ప్రొమిడ్' అనే జర్మన్ అధ్యయనంలో ఆక్ట్రియోటైడ్ తీసుకున్నవారిలో జబ్బు ముదరడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 14.3 నెలలు, మందు లేనివారిలో 6 నెలలు. పెరుగుదలను నిజంగానే నిలువరిస్తుంది. ఆ నిలువరించడం స్కాన్‌లో కనిపిస్తుంది తప్ప అంకె పడిపోవడంలో కాదు. ఇంకో చిక్కు, ఇంజెక్షన్ తీసుకున్న వారానికి ఒకసారి, నాలుగో వారం చివర ఒకసారి రక్తం ఇస్తే రెండు అంకెలనీ పోల్చలేం. ప్రతిసారీ తరవాతి డోసుకి ముందే ఇవ్వడం మంచిది.

మరి ఇన్ని లోపాలున్న పరీక్ష ఎందుకు? ఒకే మనిషిలో, ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో వరసగా తీస్తే అది కొంత చెబుతుంది. ఎంత చెబుతుందో తూచి చూసిన అధ్యయనం అమెరికాలో జరిగిన 'కాస్పర్'. పేగు, క్లోమ కణితులున్నవారిలో స్కాన్‌తో పాటు క్రోమోగ్రానిన్ కూడా కొలుస్తూ పోయారు. గత అంకె కంటే సగానికి పైగా పెరిగి, 100 నానోగ్రాములు కూడా దాటితే దాన్ని పెరుగుదలగా లెక్కించారు. గడ్డ పెరగని సందర్భాల్లో నూటికి 93 సార్లు అంకె కూడా ఆ గీత దాటలేదు. గడ్డ నిజంగా పెరిగిన సందర్భాల్లో మాత్రం మూడింట ఒక వంతే అంకె పట్టించింది. నాకు ఈ రెండో మాటే ముఖ్యమనిపిస్తుంది. అంకె బాగా పెరిగితే, గ్యాస్ మాత్రల్లాంటివి లేవని తేల్చుకుని స్కాన్ ముందుకు జరపాలి. పెరగలేదని స్కాన్ వాయిదా వేస్తే మాత్రం మోసపోతాం.

అంకె తగ్గడం చెడ్డ కబురయ్యే సందర్భం కూడా ఉంది. కణితి ముదిరి, కణాలు తమ మూల స్వభావం మర్చిపోయేంతగా మారిపోతే వాటిలో సంచులే తగ్గిపోతాయి. యార్డు విస్తరిస్తుంది, టిక్కీలు తగ్గుతాయి. అప్పుడు న్యూరాన్ స్పెసిఫిక్ ఈనోలేజ్ అనే వేరే సూచిక కొంత ఉపయోగపడుతుంది. బయాప్సీ ముక్కలో కేఐ-67 అనే లెక్క, అంటే నూరు కణాల్లో ఎన్ని విభజన దశలో ఉన్నాయో చెప్పేది, అసలు వేగాన్ని చూపిస్తుంది. 3 శాతం లోపు మొదటి గ్రేడు, 20 దాటితే మూడోది. ఆ లెక్క ఏ రక్తపరీక్షలోనూ రాదు.

ఇప్పటిదాకా చెప్పింది క్రోమోగ్రానిన్ గురించి. కణితిని బట్టి సూచిక మారుతుంది. సూచికకీ పరిమాణానికీ ఉన్న సంబంధం కూడా మారుతుంది. రెండు కొసలు చూపిస్తాను.

ఒక కొస ఇన్సులినోమా. క్లోమంలో ఇన్సులిన్ కుమ్మరించే గడ్డ. చాలావరకు రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, కుంకుడు గింజంత కూడా ఉండొచ్చు. కానీ మనిషిని తెల్లవారుజామున స్పృహ తప్పిస్తుంది. మూర్ఛ అని, దయ్యం పట్టిందని తిప్పుతారు. దీన్ని పట్టుకోవడానికి ఆస్పత్రిలో పెట్టి 72 గంటల వరకు ఉపవాసం ఉంచుతారు. గ్లూకోజు 55 మిల్లీగ్రాముల కిందికి పడిన క్షణంలో రక్తం తీసి చూస్తే, అప్పటికి అణిగిపోయి ఉండాల్సిన ఇన్సులిన్ 3 మైక్రోయూనిట్లో అంతకు మించో ఉంటుంది. పక్కనే సీ-పెప్టైడ్ కూడా చూస్తారు. ఇన్సులిన్ శరీరంలోనే తయారైతే సీ-పెప్టైడ్ కూడా ఉంటుంది, సూదితో బయటి నుంచి ఎక్కిస్తే ఉండదు. ఇంట్లో ఎవరిదో ఇన్సులిన్‌ను పెంచే రకం షుగరు మాత్ర పొరపాటున మింగినా రెండూ పెరుగుతాయి కాబట్టి ఆ మందు ఆనవాళ్లు కూడా వెతుకుతారు. ఇంత జాగ్రత్తగా కొలిచిన ఈ అంకెలు గడ్డ ఉందని ఘంటాపథంగా చెబుతాయి. ఎంతుందో మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పవు.

రెండో కొస ఫియోక్రోమోసైటోమా, అడ్రినల్ గ్రంథిలో వచ్చే కణితి. అడ్రినలిన్ వదిలి బీపీని ఒక్కసారిగా ఎగదోస్తుంది, గుండె దడ, చెమటలు, తలనొప్పి. అడ్రినలిన్ వదలడం అప్పుడప్పుడే జరుగుతుంది కాబట్టి దాన్నే కొలిస్తే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. కానీ సంచుల్లోంచి అడ్రినలిన్ కణం లోపలే కొద్దికొద్దిగా కారుతూ ఉంటుంది. కారినదాన్ని అక్కడే ఉన్న ఒక ఎంజైము మెటానెఫ్రిన్‌లుగా మార్చేస్తుంది. అవి పగలూ రాత్రీ రక్తంలోకి వస్తూనే ఉంటాయి. మిర్చి యార్డుకి గేటు వేసినా ఘాటు ఆగదు కదా! నిల్వ ఎంత ఉంటే ఘాటు అంత. అందుకే మెటానెఫ్రిన్‌ల మొత్తానికీ కణితి పరిమాణానికీ గట్టి పొంతన ఉంటుంది. అంకె చూసి గడ్డ సైజు ఊహించగలిగే అతి కొద్ది చోట్లలో ఇది ఒకటి. పరీక్షకి ముందు అరగంట వెల్లకిలా పడుకోబెట్టి, పడుకున్నప్పుడే రక్తం తీయాలి. కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే అంకె ఊరికే పెరుగుతుంది.

థైరాయిడ్‌లో వచ్చే మెడుల్లరీ క్యాన్సర్ కూడా ఈ కుటుంబంలోదే. అది వదిలేది కాల్సిటోనిన్. ఇందులో ఒక్క అంకె కంటే, ఆ అంకె రెట్టింపు కావడానికి ఎంతకాలం పడుతోందన్నది చూస్తారు. ఆర్నెల్ల లోపే రెట్టింపవుతుంటే జబ్బు జోరు మీదుందని, రెండేళ్లకి పైగా పడుతుంటే చాలా నిదానంగా ఉందని లెక్క. దానికి కనీసం నాలుగు కొలతలైనా ఉండాలి. న్యూరోఎండోక్రైన్ కుటుంబంలో రక్తపరీక్ష పెరుగుదలను ఇంత నిజాయితీగా చూపించేది ఇదేనని నా అభిప్రాయం.

సెరటోనిన్ అనే హార్మోను వదిలే పేగు కణితులది వేరే దారి. ముఖం ఎర్రగా కందడం, విరేచనాలు, కొందరిలో ఆయాసం. సెరటోనిన్ విరిగి 5-హెచ్‌ఐఏఏగా మారి మూత్రంలో పోతుంది. దాన్ని కొలవడానికి 24 గంటల మూత్రం పట్టాలి. ల్యాబువాళ్లు ఇచ్చే క్యానులో కొన్నిసార్లు ముందే ఆమ్లం పోసి ఉంటుంది, అందులోకి నేరుగా పోయకూడదు. మగ్గులో పట్టి మెల్లగా వంచాలి. పొద్దున మొదటిసారి వచ్చింది పారబోసి, టైము రాసుకుని, అప్పటి నుంచి మర్నాడు పొద్దున మొదటిది వరకు చుక్క వదలకుండా పట్టాలి. ముందు మూడు రోజులు, పట్టే రోజు కూడా అరటిపండు, అనాస, టమాటా, వంకాయ, అక్రోటు, అవకాడో, కివీ తినకూడదు. వాటిలోనే సెరటోనిన్ ఉంటుంది. చెప్పడం తేలికే, కానీ టమాటా పడని కూర మన వంటింట్లో వెతుక్కోవాలి. పిన్ని ఆ నాలుగు రోజులూ బీరకాయ, పొట్లకాయ, సొరకాయతో గడిపింది. దగ్గు మందులు, పారాసిటమాల్ కూడా కొన్ని పద్ధతుల్లో అంకెను చెడగొడతాయి, ముందే చెప్పాలి. ఇప్పుడు కొన్నిచోట్ల ఇదే పరీక్ష పరగడుపు రక్తంతో చేస్తున్నారు. పెద్దవాళ్లకి అదే నయం.

ఈ అంకె కూడా గడ్డ కొలత కాదు, హార్మోను బరువు. ఆ బరువు మోసేది గుండె. కాలేయంలోని గడ్డల నుంచి సెరటోనిన్ నేరుగా గుండె కుడివైపుకి చేరి అక్కడి కవాటాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఊపిరితిత్తులు దాన్ని చాలావరకు విరిచేస్తాయి కాబట్టి ఎడమవైపు తరచుగా తప్పించుకుంటుంది. 24 గంటల 5-హెచ్‌ఐఏఏ 300 మైక్రోమోల్స్, అంటే సుమారు 57 మిల్లీగ్రాములు దాటినవారిలో ఈ ముప్పు ఎక్కువ. అప్పుడు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే గుండె పరీక్ష చేసి, 260 పికోగ్రాములు దాటితే ఎకో చేయిస్తారు. స్కాన్‌లో గడ్డలు కదలకపోయినా గుండె పాడవుతూ ఉండొచ్చు. అందుకే 'సైజు' ఒక్కటే ప్రశ్న కాదంటాను.

ఇంకో సంగతి. మామూలుగా మన తిండిలో వచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంలో నూటికి ఒక పాలే సెరటోనిన్ అవుతుంది. ఈ కణితుల్లో సగానికి పైగా అటే పోవచ్చు. అప్పుడు నియాసిన్ అనే బి విటమిన్ తయారవడానికి ముడిసరుకు మిగలక పెల్లాగ్రా వస్తుంది, ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు రేగుతుంది. దక్కను జొన్నతిండి ప్రాంతాల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందని 1960 ప్రాంతంలో హైదరాబాదులో సి. గోపాలన్ బృందం పరిశోధించింది, జొన్నలోని ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం వైపు వేలు చూపించింది. ఆ జబ్బే ఇక్కడ తిండి సరిగా ఉన్న మనిషికి కూడా రావచ్చు, అతని వాటా గడ్డ తినేస్తుంది కాబట్టి. ముఖం కందుతూ, విరేచనాలవుతూ, చేతుల మీద చర్మం ఇలా మారుతుంటే డాక్టరుకి తప్పక చెప్పాలి.

కొత్తగా 'నెటెస్ట్' అని ఒకటి వచ్చింది. ప్రొటీను కాదు, రక్తంలో 51 జన్యువుల ఆర్‌ఎన్‌ఏ సందడిని కొలిచి నూటికి ఇన్ని అని మార్కులు ఇస్తుంది. గ్యాస్ మాత్రలు దీన్ని తప్పుదారి పట్టించవు. అయితే అది చెప్పేది కూడా గడ్డ చురుకుదనమే, పరిమాణం కాదు. పరిమాణానికి సీటీ, ఎంఆర్‌ఐ, గాలియం డోటా పెట్ స్కాన్లే దిక్కు.

బాబాయి గ్యాస్ మాత్ర డాక్టరు చెప్పినట్టే రెండు వారాలు ఆపి, అదే ల్యాబులో, పరగడుపున, ఇంజెక్షన్‌కి ముందు రోజు మళ్లీ రక్తం ఇచ్చాం. 165 వచ్చింది. ఆ రోజు నుంచి ఫైలు మొదటి పేజీలో చేత్తో గీసిన ఒక పట్టిక ఉంది. తేదీ, ల్యాబు, కిట్టు పేరు, పరగడుపా కాదా, గ్యాస్ మాత్ర ఎప్పుడు ఆపాం, ఇంజెక్షన్ అయ్యి ఎన్ని రోజులు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, చివరి స్కాన్ ఏం చెప్పింది. అంకె రాసే గడి అన్నిటికంటే చివర పెట్టాను. పిన్ని ఇప్పుడు ఫోన్ చేసి ముందు అడిగేది మిగతా గడుల గురించి.